దాని రాళ్లు ప్రియములు

బైబిల్లోని 102వ కీర్తన దిక్కులేనివాడి మొర. ఇంటి మీద ఒంటరి పిచ్చుకలా ఉన్నానని ఏడ్చే ఆ మనిషి, పాడుబడిన సీయోనును, అంటే యెరూషలేమును, తలుచుకుని ఒక మాట అంటాడు: "దాని రాళ్లు నీ సేవకులకు ప్రియములు." అక్కడితో ఆగడు, దాని మంటిని చూసినా వాళ్లకు జాలి పుడుతుందంటాడు. రాళ్లను ప్రేమించడం తేలికే, ఫోటోల్లో బాగుంటాయి. మంటి మీద జాలి మాటేమిటి?

విశాఖ వన్‌టౌన్‌లో మా చర్చిది గానుగ సున్నంతో కట్టిన గోడ. చెమ్మ ఎక్కుతోందని కొన్నేళ్ల కిందట కమిటీ పైన సిమెంటు పూయించింది. చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. సున్నం తడి పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ తడిని లోపలే బిగించేసింది. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు తెల్లగా పూసింది. మొన్న అరచేయంత పెచ్చు ఊడితే వెనక ఇటుకను గోరుతో గీకాను. పొడిపొడిగా రాలింది.

"కూల్చి కొత్తది కట్టేద్దామండీ, దేవుడు చేతులతో కట్టిన ఆలయాల్లో ఉండడు కదా" అన్నాడొక బ్రదర్. వాక్యం నిజమే. మెథడిస్టు క్రైస్తవుల మూలపురుషుడు జాన్ వెస్లీ 1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర ఆరుబయటే ప్రసంగించాడు. (1947లో మా సి.ఎస్.ఐ., అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ఏర్పడినప్పుడు వెస్లీ బాటలో నడిచే దక్షిణాది వెస్లియన్లూ అందులో కలిశారు, ఆ లెక్కన ఆయన మాకూ చుట్టమే.) 1742లో సొంతూరు ఎప్‌వర్త్ చర్చిలో మాట్లాడనివ్వకపోతే, బయట తండ్రి సమాధి రాయెక్కి చెప్పాడు. ఆరుబయట చెప్పినా కాలికింద ఒక రాయి కావాల్సి వచ్చింది, అదీ నాన్నది! బ్రిస్టల్‌లో ఆయన 1739లోనే కట్టించడం మొదలుపెట్టిన న్యూ రూమ్ అనే ప్రార్థనా మందిరం ఇప్పటికీ నిలిచే ఉంది.

మన మెదక్ చర్చి కూడా వెస్లియన్ మిషన్‌దే. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. వెళ్లినవాళ్లందరూ 175 అడుగుల గోపురం చూసి వస్తారు. కరువులో అల్లాడుతున్న జనానికి పని, తిండి దొరకాలని ఆ మిషన్ పాదిరి పోస్నెట్ దొర ఆ కట్టడం తలపెట్టాడు. దాని రాళ్లు ఎందుకు ప్రియములో ఆ పూట అన్నం తిన్నవాళ్లను అడగాలి.

పోయిన శనివారం మేస్త్రి సిమెంటు చెక్కడం మొదలెట్టాడు. సున్నం నానేసిన తొట్టి మెట్ల పక్కనే ఉంది. క్రిస్మస్‌కి అయిపోతుందా అని అడిగాను.

"ఇంకా నానాలి బాబూ, తొందరపెట్టకండి" అన్నాడు.