మావయ్య ఆర్‌ఎక్స్ 100 కార్బరేటర్ ఇంట్లోనే విప్పి బాగుచేసుకున్నా - నా అనుభవం

చోక్ వేస్తే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. యాక్సిలరేటర్ సగం పైన పట్టుకుంటే మాత్రం బ్రహ్మాండంగా అరుస్తుంది. బండి ఆపాక ఓవర్‌ఫ్లో పైపులోంచి చుక్క చుక్క పెట్రోల్ కారుతూనే ఉంటుంది. ఈ మూడూ కలిపి ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, స్లో జెట్ (యాక్సిలరేటర్ వదిలేసి బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చే సన్న కంత ఉన్న ఇత్తడి ముక్క) మూసుకుపోయింది, ఫ్లోట్ నీడిల్ (కప్పు నిండగానే తేలే ఫ్లోట్ నెడితే పెట్రోల్ దారి మూసేది) సరిగ్గా కూర్చోవట్లేదు, కార్బ్, అదే గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్, కిందకి దించాల్సిందే.

బండి మా మావయ్యది, యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన మోడల్, 98 సీసీ టూ స్ట్రోక్, తెనాలి దగ్గర ఊళ్ళో గొడ్ల సావిట్లో గోనె పట్టా కప్పుకుని ఏళ్ళ తరబడి పడుంది. "ఒరేయ్, తీసుకుపోతే పో, లేదంటే పాత ఇనప సామాన్లోడికి ఇచ్చేస్తా" అన్నాడు, ఆ మాట విన్నాక ఎవరు మాత్రం ఆగుతారు చెప్పండి, ట్రాన్స్‌పోర్ట్‌లో వేయించి హైదరాబాద్ తెచ్చేసుకున్నా. ఇక్కడ ఒక మెకానిక్‌కి చూపిస్తే వంగి కూడా చూడకుండా "కార్బ్ పోయింది సార్, కొత్తది ఏసేద్దాం" అన్నాడు. కొత్తది అంటే డూప్లికేట్ అన్నమాట. ఉన్న ఒరిజినల్ మికుని (జపాన్ కంపెనీ కార్బ్) పడేసి డూప్లికేట్ వేయించుకునే ప్రసక్తే లేదు, ఇంటికి తోసుకొచ్చేశా.

వర్క్‌షాప్ అంటే ఏదో ఊహించుకోకండి, మేడ మీద వాటర్ ట్యాంక్ పక్కన రేకుల షెడ్డు, ఒక పాత డైనింగ్ టేబుల్, రెండు స్టీల్ పళ్ళేలు (ఇంట్లోవాళ్ళకి తెలిసే తెచ్చా). పెట్రోల్ పని కాబట్టి కింద వంటగది దగ్గర అస్సలు వద్దు, గాలి ఆడే చోటే చేయాలి, ఆవిరి నేలబారున పాకుతుంది, స్విచ్ వేసినా అంటుకోవచ్చు.

కార్బ్ కంటే ముందు ట్యాంక్ చూడాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ట్యాంక్‌లో తుప్పు ఉంటే కార్బ్ ఎంత కడిగినా వారం తిరక్కుండా మళ్ళీ మొదటికే. నేను వెనిగర్ పోసి నానబెట్టి, తర్వాత వంటసోడా నీళ్ళతో, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి చివర్లో కాస్త పెట్రోల్‌తో కడిగేశా. ట్యాప్‌లో ఉండే జల్లెడ చిరిగిపోయి ఉంది, ట్యాప్ కొత్తదే వేశా.

ఇక కార్బ్. పైన మూత మరలు తిప్పితే స్లైడు (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచేది), దానికుండే నీడిల్ కేబుల్‌తో సహా పైకి వచ్చేస్తాయి, వాటిని కవర్‌లో చుట్టి అలా వేలాడేస్తే సరి. ఈ బండికి యాక్సిలరేటర్ కేబుల్ ఒకటి కార్బ్‌కి, ఒకటి ఆయిల్ పంప్‌కి పోతుంది కాబట్టి ఇష్టం వచ్చినట్టు లాగొద్దు. కింద పెట్రోల్ నిలిచే కప్పుకి ఉండే స్క్రూలు చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూలే గానీ అవి జపాన్ కొలత, మన స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తలకాయ గుండ్రంగా అరిగిపోతుంది. దానికని వేరే బిట్లు దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో జేఐఎస్ అని వెతికితే వస్తాయి, ఒక్క సెట్ కొనుక్కుంటే పాత హోండాలకీ సుజుకీలకీ అన్నిటికీ పనికొస్తుంది. ముందురోజే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచా, గట్టిగా నొక్కిపట్టి తిప్పితే నాలుగూ వచ్చాయి.

కప్పు తీయగానే ఆ వాసన! పాత పెట్రోల్ ఎండి వార్నిష్‌లా అయిపోయి అడుగున పచ్చగా ఒక పొర, తెల్ల పొడి. ఫ్లోట్ పిన్నుని సన్న మేకుతో చిన్నగా నెట్టాలి, సుత్తి వాడితే ఆ పిన్ను ఆనుకునే స్తంభం విరుగుతుంది, అది విరిగితే కార్బ్ బాడీయే పోయినట్టు. జెట్లు ఇత్తడివి, మెత్తగా ఉంటాయి, గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ కావాలి. స్లో జెట్ లోపల సన్న గొట్టంలో ఉంటుంది, దానికోసం ఒక పాత స్క్రూడ్రైవర్ అంచులు గ్రైండర్‌కి పట్టించి సన్నం చేసుకున్నా. ఎయిర్ స్క్రూ (స్లోలో గాలి ఎంత కలవాలో సరిచేసేది) తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో రాసిపెట్టుకోవాలి, మళ్ళీ బిగించేటప్పుడు అదే ఆధారం. దాని స్ప్రింగు ఎగిరిపోతే మేడ మొత్తం ఊడ్చినా దొరకదు.

స్లో జెట్ ఎండకి పెట్టి చూస్తే ఏమీ కనపడలా, పూర్తిగా బంద్. ఇక్కడే అందరూ తీగ పెట్టి పొడుస్తారు, చీపురు పుల్ల పెట్టేవాళ్ళని కూడా చూశా, అది లోపలే విరిగి కూర్చుంటుంది. తీగతో పొడిస్తే కంత ఒక వెంట్రుకవాసి పెద్దదైనా చాలు, జెట్ మీద నంబర్ ఒకటి, లోపల కొలత ఇంకోటి అయిపోతుంది, ఇక ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు. నేను కార్బ్ క్లీనర్ స్ప్రేలో నానబెట్టి, టూత్ బ్రష్ నైలాన్ పోగు ఒకటి పీకి దాంతో తోశా. అప్పటికీ కదలకపోతే కళ్ళజోళ్ళు కడిగే చిన్న అల్ట్రాసోనిక్ మెషిన్ ఉంది కదా, అందులో వేడినీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి తిప్పితే నల్లటి మడ్డి పొగలా బయటికొచ్చింది. ఎత్తి చూస్తే సూదిమొనంత వెలుగు, గుండ్రంగా. ఆ చుక్క చూసిన ఆనందం చెప్తే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలా.

బాడీలో దారులు ఇంకా ముఖ్యం. ఒక కంతలో స్ప్రే కొడితే అది వేరే ఏ కంతలోంచి రావాలో కార్బ్ చేతిలో తిప్పుకుంటూ చూసుకోవాలి, రాకపోతే అక్కడ అడ్డం ఉన్నట్టే. స్లైడు కింద ఇంజన్ వైపు ఒక చిన్న కంత ఉంటుంది, స్లోలో పెట్రోల్ వచ్చేది అందులోంచే, జెట్ శుభ్రంగా ఉన్నా ఇది మూసుకుంటే బండి స్లోలో నిలవదు. కళ్ళజోడు లేకుండా ఈ పని చేయకండి, స్ప్రే ఏ మూలనుంచి కంట్లోకి కొడుతుందో తెలీదు. నిమ్మకాయ, చింతపండు పెట్టి కార్బ్ తోమే వీడియోలు చాలా ఉన్నాయి, పైకి మెరుస్తుందేమో గానీ ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియంని తినేస్తుంది, నా మటుకు నేను దగ్గరికి రానివ్వను.

సామాన్ల కోసం పుత్లీబౌలి పోయా. షాపాయన "అన్నా, పూరా కిట్ ఏసెయ్యి, జెట్లు గూడ కొత్తయే వస్తయ్" అన్నాడు. కిట్ తీసుకున్నా గానీ అందులో వాడింది గాస్కెట్, ఓ రింగులు, ఫ్లోట్ నీడిల్, అంతే. కిట్ జెట్టునీ పాత జెట్టునీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూస్తే, పాతదాని కంత అంచు నున్నగా గుండ్రంగా ఉంది, కొత్తదాని అంచున చిన్న గరుకు కనిపిస్తోంది, పైగా నంబర్ కూడా లేదు. ఇత్తడి జెట్టు పెట్రోల్‌కి అరిగిపోయే వస్తువు కాదండీ, మూసుకుపోతుంది, కడిగితే వస్తుంది. ఎండిపోయేవి, పగిలేవి రబ్బర్లు. అరిగేది ఫ్లోట్ నీడిల్ మొన, స్లైడులో ఆడే నీడిల్, అది కూర్చునే జెట్. నా దాంట్లో ఆ రెండోదీ మూడోదీ బాగానే ఉన్నాయి. కార్బ్ కిట్ మార్చాక బండి ఇంకా చెడిపోయిందని ఏడ్చేవాళ్ళలో చాలామంది కేసు ఇదే, బంగారం లాంటి ఒరిజినల్ జెట్లు తీసి చెత్తలో వేసి ఉంటారు.

ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి చూశా, లోపల పెట్రోల్ చప్పుడు లేదు. వేడినీళ్ళలో ముంచితే బుడగలూ రాలా, అంటే చిల్లు లేదు. బిగించాక బండికి పెట్టకుండానే ఒక సీసా పైన కట్టి పైపుతో పెట్రోల్ వదిలి, టీ తాగొచ్చేదాకా ఉంచా. ఓవర్‌ఫ్లో లేదు. ఈ పరీక్ష బల్ల మీదే చేసుకుంటే బండికి రెండోసారి విప్పే బాధ తప్పుతుంది.

స్లైడు ఎక్కించేటప్పుడు కోసినట్టు ఉండే వైపు ఎయిర్ ఫిల్టర్ వైపుకి రావాలి, గాడి పిన్నులో కూర్చోవాలి. తేడాగా పెడితే థ్రాటిల్ మూసుకోదు, కిక్ కొట్టగానే ఇంజన్ ఫుల్ రేస్‌లో లేస్తుంది. అందుకే కిక్ కొట్టే ముందు యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్‌మని చప్పుడు వస్తుందా లేదా చూసుకోవాలి.

ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్టు బయటికి పెట్టి కిక్ కొడితే చోక్ తీసినా నిలబడింది. కానీ స్లో స్పీడు ఒకసారి పెరగడం, ఒకసారి తగ్గడం. కార్బ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బర్ జాయింట్ మీద కొంచెం స్ప్రే కొట్టగానే ఇంజన్ సౌండ్ మారిపోయింది, అంటే అక్కడ గాలి లాగుతోంది. విప్పితే అడుగువైపు వెంట్రుకంత పగులు. ఫోర్ స్ట్రోక్‌లో అయితే మిస్సింగ్‌తో పోతుంది, టూ స్ట్రోక్‌లో గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, హైవే మీద వెనక చక్రం లాక్ అయిందంటే మనిషికే ప్రమాదం. కాబట్టి బోండ్ రాసి సరిపెట్టే పని పెట్టుకోకుండా జాయింట్ మార్చేశా.

ఆయిల్ పైపు కదిలించాను కాబట్టి అందులో గాలి ఉంటుందేమోనని మొదటి ట్యాంకులో కొంచెం 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకి వాడేది) పెట్రోల్‌లోనే కలిపి పోశా, కాస్త పొగ ఎక్కువొచ్చింది, రానీ. ఇంజన్ వేడెక్కాక ఎయిర్ స్క్రూ అటూ ఇటూ తిప్పి ఎక్కడ ఎక్కువ స్పీడ్ అందుకుంటుందో అక్కడ ఆపి, తర్వాత ఐడిల్ స్క్రూతో దించా. ఇది చల్లటి ఇంజన్ మీద చేస్తే దండగ. రోడ్డు మీద సగం యాక్సిలరేటర్ దగ్గర కొంచెం బరువుగా లాగుతుంటే నీడిల్ క్లిప్ ఒక గాడి కిందకి దించా, అంటే నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వస్తుంది, ఆ బరువు పోయింది. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే కాఫీ పొడి రంగు, అంటే గాలీ పెట్రోలూ సరిగ్గా కలుస్తున్నట్టే.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, 20 శాతం ఇథనాల్, అది నీళ్ళు పీల్చుకుంటుంది, బండి వాడకుండా ఉంచితే కప్పు అడుగున అదే పేరుకుంటుంది. అందుకని వారం పైన వాడనంటే ట్యాప్ కట్టేసి, స్లోలోనే ఇంజన్ దానంతట అది ఆగేదాకా ఉంచేస్తున్నా. మళ్ళీ తీసేటప్పుడు ట్యాప్ తిప్పి కాసేపు ఆగాలి, కప్పు నిండకుండానే కిక్కులు కొడితే కాలు నొప్పి తప్ప ఏమీ రాదు.