దేవుడి పేరు చెప్పి సూది వద్దంటే

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు బయాలజీ చెబుతాను కాబట్టి టీకాల గురించి ఈ వయసు వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు దగ్గరగానే తెలుస్తుంది. ఇమ్యూనిటీ పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, "మేడమ్, నమ్మకం ఉన్నోళ్ళకు ఇవన్నీ ఎందుకు, దేవుడే చూసుకుంటడు కదా" అని. ఈ మాట వాళ్ళ నానమ్మల నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను.

మన వైపు ఏ ఊరికి వెళ్ళినా పోచమ్మ గుడి ఉంటుంది. ఇప్పటికీ ఇంట్లో పిల్లాడికి ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కడతారు, కూరలో పోపు పెట్టరు, బయటివాళ్ళను లోపలికి రానివ్వరు, తగ్గాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో స్నానం చేయించి అమ్మవారికి బోనం తీస్తారు. పిల్లాడిని పదిమందిలోకి పంపకుండా ఇంట్లో ఉంచడం డాక్టరు చెప్పేదే కదా. ఆ బోనం ఎత్తే పెద్దమ్మ జబ్బ మీద చూడండి, మశూచి టీకా మచ్చ కనిపిస్తుంది. మన దేశంలో మశూచి 1975లో ఆగిపోయింది, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మొహం నిండా మచ్చలు పడ్డవాళ్ళను, చూపు పోయినవాళ్ళను ఆమె తరం కళ్ళారా చూసింది, అందుకే పోచమ్మను మొక్కింది, టీకా కూడా వేయించుకుంది, ఆ రెండింటికీ పడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బుధవారం, శనివారం మా దగ్గర సబ్ సెంటర్‌లో పసిపిల్లలను ఎత్తుకుని ముందు వరసలో కూర్చునేది ఇప్పటికీ నానమ్మలే.

దేవుడికీ టీకాకూ పడదు అని చెప్పింది ఫోన్. 2021 మే 1 నుంచి 18 దాటినవాళ్ళకు కరోనా టీకా మొదలైనప్పుడు తిరిగిన మెసేజ్‌లు గుర్తున్నాయా? క్రైస్తవుల గ్రూపుల్లో అది బైబిల్లో చెప్పిన క్రూరమృగం గుర్తు, 666 ముద్ర అన్నారు, ముస్లింల గ్రూపుల్లో పంది కొవ్వు అన్నారు, హిందువుల గ్రూపుల్లో కోవాగ్జిన్‌లో దూడ సీరం, అంటే దూడ రక్తం నుంచి తీసే ద్రవం, ఉందన్నారు. ఎవరి భయం వాళ్ళకు వాళ్ళ భాషలోనే అందింది. వాటికన్నా ముందే, 2020 డిసెంబర్‌లోనే, వేరే టీకా దొరకనప్పుడు ఇవి వేయించుకోవడంలో తప్పు లేదని వాటికన్ చెప్పింది, పంది పదార్థం ఉన్నా ప్రాణం కాపాడటానికి వేయించుకోవచ్చని యూఏఈ ఫత్వా కౌన్సిల్ చెప్పింది. దూడ సీరం సంగతికి వస్తే, వైరస్‌ను పెంచడానికి వాడే కణాలు ఎదగడానికి అది కావాలి, ఆ తర్వాత కడిగేస్తారు, చివరి మందులో ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 జూన్‌లో వివరణ ఇచ్చింది. ఈ జవాబులేవీ మా పిల్లల ఫోన్ల దాకా రాలేదు, మెసేజ్ మాత్రం వచ్చింది.

అయితే పిల్లల అనుమానం అంతా ఫోన్ పుట్టించిందే అంటే అన్యాయం అవుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మాటెత్తగానే మా క్లాసులో భద్రాచలం వైపు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండి చదివే అమ్మాయిలు ఒక్కసారిగా మౌనం అయిపోతారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ కథ ఇంకా నడుస్తూనే ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఆ టీకా ప్రాజెక్టు పెట్టారు, అందులో హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది, కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారని కూడా బయటపడింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. బిడ్డకు ఏం సూది వేస్తున్నారో అమ్మకు చెప్పలేదు. ఆ అమ్మ ఇవాళ "మాకు వద్దు, దేవుడే ఉన్నడు" అంటే ఆమెది మూఢనమ్మకం అనే హక్కు ఎవరికుంది? దేవుడి మాట పైన ఉంది గానీ కింద ఉన్నది మోసపోయామన్న బాధ.

ఇంకొందరు తల్లులు వేరే మాట అంటారు, మా పిల్లను పద్ధతిగా పెంచాం, భక్తి ఉన్న ఇల్లు, దానికెందుకు ఆ టీకా అని. ఇది వింటే నాకు నిజంగా దుఃఖం వస్తుంది. ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ ఎక్కువగా శారీరక సంబంధం ద్వారా అంటుకుంటుంది, పెళ్ళయ్యాక ఎవరి ద్వారా వస్తుందో ఆ పిల్ల చేతిలో ఉండదు, అందుకే అది సోకక ముందే, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయాలంటారు. మన దేశంలో ఏటా లక్షకు పైగా ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వస్తోంది. వాళ్ళలో భక్తురాళ్ళు లేరా?

కాబట్టి మా పిల్లల ముందు దేవుణ్ణి తీసిపారేసి మాట్లాడే డాక్టర్లంటే నాకు కోపం. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టర్ గారు, శుక్రవారం నమాజు తర్వాత ఇమామ్ గారు, బోనాల రోజు గుడి దగ్గర పూజారి పక్కన నర్సమ్మను నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడనిస్తే చాలు, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఏటూరునాగారం, భద్రాచలం వైపు అయితే ఒప్పుకోలు కాగితాన్ని కోయ భాషలో, లంబాడీలో చదివి వినిపించాలి, అమ్మానాన్నలు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాలి, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు రాసివ్వాలి, వాళ్ళు వద్దంటే ఆ రోజుకు ఆగి మళ్ళీ వెళ్ళాలి. సంతకం మాత్రం వాళ్ళదే అయి ఉండాలి.