ఉప్పు కప్పురంబు: ఒక ఆటవెలది లోపలి శబ్దం

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

బడిలో నీతి కోసమే కంఠస్థం చేయించడం వల్ల కాబోలు, ఈ వేమన పద్యంలో శబ్దం చేసే పని మన దృష్టికి రాదు. మొదటి పాదాన్ని గణాలుగా విడదీస్తే మొదట ‘ఉప్పు’, ‘కప్పు’, ‘రంబు’ అని మూడు గలాలు, అంటే ఒక గురువు (రెండు మాత్రల అక్షరం), ఒక లఘువు (ఒక మాత్ర అక్షరం) కలిసిన గణాలు, వస్తాయి. కంటికి ఒకేలా కనిపించే రెండు వస్తువులు చెవికి కూడా ఒకేలా వినిపించేటట్టు ఆ ‘ప్పు’ రెండుసార్లు పడింది. ‘కర్పూరంబు’ అని ఉంటే గణం చెడడమే కాక ఈ పోలిక కూడా పోయేది.

ఈ పద్యపు ఛందస్సయిన ఆటవెలదిలో, బేసి పాదాల్లో మూడు సూర్యగణాల (మూడేసి మాత్రల గణాల) తరువాత రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల గణాలు) వస్తాయి. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. అందువల్ల 19 మాత్రలతో సాగిన మొదటి పాదం తరువాత రెండవది 15 మాత్రలకు కుదించుకుంటుంది. ‘ప్పు’, ‘క్క’ లాంటి ద్విత్వాలు ఒక్కసారిగా మాయమై, ‘చూడ చూడ’ అన్న ఆవృత్తితో, పరీక్షగా మళ్ళీ మళ్ళీ చూస్తున్నట్టే పాదం నడుస్తుంది.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో పొత్తు కుదరడం, ఆ విషయంలో ఈ పద్యం మరీ ముచ్చటైనది. మొదటి పాదంలో ‘నొక్క’లోని నకారం ద్రుతం (ముందు మాట చివర చేరే ‘న’) వల్ల వచ్చినది కాబట్టి, ఉకారానికి ఒకారంతో స్వరమైత్రి (అచ్చుల పొత్తు) కుదిరింది. రెండవ పాదంలో ‘చూ’, ‘జా’ హల్లుల్లో కలిసినా అచ్చుల్లో కలవవు. అక్కడ ‘చూడ–జాడ’ అన్న ప్రాసయతి, అంటే రెండవ అక్షరమైన ‘డ’ కలవడం, ఆదుకుంది. మూడవ పాదంలో ‘పు’కు ‘పు’యే యతి. ఆ యతిస్థానంలో ‘పురుషులు’ అన్న మాటే తిరిగి రావడం నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి: మాట అదే, మనిషి వేరు. ఉప్పు, కప్పురాల సంగతే ఇక్కడ ఒకే మాటలో జరిగింది.

అర్థం ‘వేరయా’ దగ్గరే పూర్తయింది కనుక చివరి పాదమైన మకుటం కేవలం పాదపూరణమని ఎవరైనా అనవచ్చు. అయితే రెండవ పాదం చివరి గణం ‘వేరు’, మూడవ పాదానిది ‘వేరయా’, నాలుగవ పాదానిది ‘వేమ’. ఎన్నో పద్యాలకు ఉమ్మడిగా ఉన్న ఆ మకుటం, ఈ ఒక్క ‘వే’కారం వల్ల ఇక్కడ అతికించినట్టు ఉండదు.