ఎర్రన్న తెప్ప బోల్తా పడిన రోజు

మా ఇంట్లో ఈ మధ్య రాత్రి భోజనాలయ్యాక ఒక సీరియల్ నడుస్తోంది. కథ, మాటలు, గాత్రం అన్నీ నావే. ప్రేక్షకులు ఇద్దరు: పదేళ్ళ మా చిన్నూ, డెబ్బై దాటిన మా అత్తయ్య. హీరో పేరు ఎర్రన్న, వయసు పన్నెండు, ఊరు శ్రీకాకుళం తీరంలో ఎక్కడో. తండ్రి వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో అప్పు, అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు. నిన్న రాత్రి ఎర్రన్న ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున పడవని నీళ్ళలోకి తోశాడు. అక్కడ ఆపాను, ఎందుకంటే ఆ తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు.

హైదరాబాద్‌లో కూర్చుని సముద్రం కథ చెప్పడం సులువే. మచిలీపట్నం వెళ్దామన్నా 300 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, ఏం చెప్పినా కాదనేవాళ్ళు ఉండరు. మా ఇంట్లో మాత్రం అత్తయ్య ఉన్నారు. ఆవిడ పుట్టి పెరిగింది భీమిలిలో.

పొద్దున్న రాంనగర్ చేపల మార్కెట్‌లో వంజరం ముక్కలు కొట్టిస్తుండగా మొదలుపెట్టారు. ఆ చేప కళ్ళు చూసి ముందు ఓ నిట్టూర్పు విడిచి, "ఇవి మనకన్నా ఎక్కువ ప్రయాణాలు చేసినట్టున్నాయి" అన్నారు. ఆ వెంటనే, "అవునమ్మాయ్, ఫైబర్ పడవని పన్నెండేళ్ళ పిల్లాడు ఒక్కడే ఎలా తోశాడు? పెద్దవాళ్ళకే నలుగురైదుగురు పట్టుకోవాలి" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ దగ్గర ఉంది. "తాత తెప్ప ఒకటి మూల పడుందని చెప్పు. అదైతే దుంగలు విడివిడిగా మోసుకెళ్ళి ఒడ్డున కట్టుకోవచ్చు. పైగా నిషేధం రోజుల్లో పెట్టు కథని."

ఇది నాకు తట్టని విషయం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. ఆ ఆంక్ష ఇంజను ఉన్న బోట్లకే. తెడ్డుతో నడిచే తెప్పకి వర్తించదు. అంటే ఊళ్ళో పడవలన్నీ ఇసుకలో నిలబడి ఉన్నప్పుడు, చేతిలో చిల్లిగవ్వ ఆడని రోజుల్లో, వాడొక్కడే దర్జాగా సముద్రం మీదికి వెళ్ళొచ్చు. ఇప్పుడు ఆంధ్రలో ఆ రెండు నెలలకి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తున్నారు. అత్తయ్య చిన్నతనంలో అవేమీ లేవు. ఆడవాళ్ళు గంపలో ఎండుచేపలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగేవారట. "మీ కథలో వాళ్ళమ్మ ఎప్పుడూ ఏడుస్తూ కూర్చుంటుందేమిటి? గంప ఎత్తుకుని ఎప్పుడో బయల్దేరి ఉంటుంది" అన్నారు. మార్కెట్లో చేపలు కోస్తున్నామె అది విని నవ్వింది.

సాయంత్రం చిన్నూని తీసుకుని సంజీవయ్య పార్క్‌కి వెళ్ళాను. వాన పడి వెలిసింది. గాలి బాగా ఉంది. హుస్సేన్ సాగర్‌కి పేరులో సాగరం ఉన్నా కెరటాలు లేవని మావాడి ఫిర్యాదు. వాసన మాత్రం ఉంది, దాన్ని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు, అలవాటైపోయింది. ఆ పార్క్ పక్క నుంచే యాట్ క్లబ్ వాళ్ళు పిల్లలకి తెరచాప పడవలు నేర్పుతారు. బస్తీ పిల్లలు, సర్కారు బడి పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో సెయిలింగ్ పోటీకి దిగిన ప్రీతి కొంగర మన హైదరాబాద్ అమ్మాయే.

చిన్నపిల్లలు నడిపే పడవని ఆప్టిమిస్ట్ అంటారు. ఎనిమిది అడుగులకి కాస్త తక్కువ పొడవు, ఒకే తెరచాప, ఒకే పిల్లాడు. పదిహేనేళ్ళు దాటితే ఆ పడవ పోటీల్లో చోటుండదు. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన రెండు ప్లైవుడ్ షీట్లతో అయిపోయేలా దీన్ని తయారుచేశాడు. డబ్బున్న పిల్లలకే కాకుండా అందరికీ అందాలని. దూరం నుంచి చూస్తే సగానికి కోసిన బాత్‌టబ్‌లా ఉంటుంది.

మేం చూస్తుండగా ఒక పాప పడవ బోల్తా పడింది. నాకు గుండె ఆగినంత పనైంది. చిన్నూ గోడ ఎక్కేశాడు. ఆ పాప మాత్రం లైఫ్ జాకెట్‌తో తేలి, పడవ చుట్టూ ఈది వెళ్ళి, అడుగున బయటికి పొడుచుకొచ్చిన పలకని పట్టుకుని దానిమీదికి ఎక్కి వెనక్కి వాలింది. తెరచాప నీళ్ళలోంచి మెల్లగా లేచింది. పడవ నిండా నీళ్ళు. డబ్బాతో తోడి పోయడం మొదలుపెట్టింది. తోడుతూనే ఉంది. నాకు విసుగొచ్చేంతసేపు.

పక్క బెంచీ మీద కూర్చున్నామె, "నేర్పేటప్పుడు మొదలు పడవ పడేసుడే నేర్పిస్తరు మేడం. పడుడు వస్తేనే నడుపుడు" అంది. ఆ పాప వాళ్ళమ్మే. రసూల్‌పురా నుంచి వచ్చిందట. నాలుగిళ్ళలో పనిచేస్తుంది. ఆదివారం సాయంత్రం రెండిళ్ళు వదులుకుని వచ్చి కూర్చుంటుంది. ఒక ఇంటావిడ జీతంలో కోత కూడా పెట్టింది. "నాకు నీళ్ళంటేనే భయం. వాళ్ళ నాన్న లేడు. వద్దంటే రెండు దినాలు అన్నం తినలే. ఇగ ఏం చేస్త?" అంది. బిడ్డ నేవీలోకి వెళ్తానంటోందని చెప్పి, అది గొప్పగా అనిపించిందేమో, వెంటనే "చూద్దాం తియ్యండి" అని చున్నీ సర్దుకుంది.

ఇంటికొస్తూ దారిలో చిన్నూకి తారిణి సంగతి చెప్పాను. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి ఆరుగురు నేవీ అమ్మాయిలు ఆ తెరచాప పడవ మీద బయల్దేరి, ప్రపంచం చుట్టి, 254 రోజులకి, మే నెలలో తిరిగొచ్చారు. వాళ్ళలో ఐశ్వర్య బొడ్డపాటిది మన హైదరాబాద్, స్వాతిది విశాఖపట్నం. "బుద్ధుడి విగ్రహం కంటే పెద్ద కెరటాలు వచ్చాయా?" అని అడిగాడు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దగ్గర ఏవైనా వస్తాయన్నాను. బుద్ధుడి పేరెత్తాడు కాబట్టి అది కూడా చెప్పాను: 1990లో బల్లకట్టు మీద తెస్తుంటే ఆ విగ్రహం ఈ నీళ్ళలోనే మునిగింది, మనుషులూ పోయారు, రెండేళ్ళకి పైకి తీసి నిలబెట్టారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎర్రన్న నాన్న వస్తాడా, రాడా? అది చెప్పు ముందు" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను కొన్నాళ్ళుగా వేధిస్తోంది. చంపేస్తే కథ తేలిగ్గా నడుస్తుంది. పిల్లల సాహస కథల్లో తండ్రుల్ని ఎంత సులువుగా చంపేస్తామో అనిపిస్తుంది, హీరోకి దారి ఖాళీ చేయడానికి. నేను అలా చేయదలచుకోలేదు. ఎర్రన్న తండ్రి వెరావల్ వెళ్ళాడు. ఉత్తరాంధ్ర నుంచి ఎంతోమంది గుజరాత్ బోట్లలో పనికి నెలల తరబడి అక్కడికి వెళ్తారు. 2018 నవంబర్‌లో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు సరిహద్దు జలాల్లో పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చారు. ఏడాది పైన. ఆ ఏడాది ఇళ్ళు ఎలా నడిచాయో, వడ్డీలు ఎవరు కట్టారో, పిల్లల బళ్ళు ఏమయ్యాయో, అసలు కథ అక్కడుంది. సముద్రం మీద ఎర్రన్న ఒక పూట ఉంటాడు. ఇంట్లో మిగతా రోజులన్నీ ఉండాలి.

రాత్రి ఎపిసోడ్‌లో తెప్ప బోల్తా కొట్టించాను. పాపని చూసిన ఊపులో, ఎర్రన్న డబ్బాతో నీళ్ళు తోడుతున్నాడని చెప్పబోతే అత్తయ్య చేయి అడ్డం పెట్టారు. "తెప్పలో నీళ్ళెక్కడ నిలుస్తాయమ్మాయ్? దుంగల సందుల్లోంచి పోతాయి. అది మునగదు. వల పోతుంది, తెడ్డు పోతుంది." సరే, వల పోయింది. అప్పు చేసి కొన్న వల.

"ఇంకోటి కొనుక్కోవచ్చుగా?" అన్నాడు చిన్నూ.

అత్తయ్య వాడివైపు చూశారంతే. వాడే మళ్ళీ దిండు మీద లేచి కూర్చుని, "వాళ్ళమ్మకి ఏం చెప్తాడు మరి?" అన్నాడు.

రేపటి ఎపిసోడ్ అమ్మకి ఇచ్చేశాను. గంపతో సహా. వాడు అడిగిన సొరచేపని ఎల్లుండికి వాయిదా వేయడానికి మావాడు ఒప్పుకున్నాడు కానీ, ఆలస్యానికి వడ్డీగా రెండు సొరచేపలు కావాలట.