సూర అడగబోయి సొర అడిగాను

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి సెలవు పెట్టి శ్రీకాకుళం వచ్చింది. వచ్చిన రెండో రోజే, అక్కడ తినే వేడి వేడి ట్యూనా చీజ్ శాండ్‌విచ్ ఇంట్లో చెయ్యమంది. వాళ్లమ్మ వంటగది నాకు అప్పజెప్పి తప్పుకుంది.

బ్రెడ్డు, చీజ్ స్లైసులు, వెన్న వీధి చివరే దొరికాయి. కీరా, టమాటా రైతుబజారులో కొన్నాను. ట్యూనా డబ్బా దగ్గర పని ఆగింది. ఓ పెద్ద సూపర్ మార్కెట్లో కుర్రాడు "ఉంది సార్" అని హుషారుగా తెచ్చిచ్చింది పిల్లి మేత. పొట్లం మీద పిల్లి బొమ్మ అరచేయంత ఉంది. ఏసీలు పెట్టగానే సరా, అమ్మే సరుకేమిటో తెలియక్కర్లేదా!

కళింగపట్నం స్నేహితుడికి ఫోన్ చేస్తే నవ్వాడు. "ట్యూనా అంటే మన సూరేరా. మార్కెట్‌కెళ్లు."

నేను పుట్టింది పాలకొండ అవతల. ఏటి చేపలు తప్ప సముద్రం చేపల పేర్లు నాకు నోరు తిరగవు. చేపల బజారులో ఒకావిడ ముందు నిలబడి "సొర ఉందా అప్పా?" అన్నాను.

"ఉంది బాబూ. ఎవులు నీలాడినారేటి?"

ఆ గోలలో సరిగా వినపళ్లేదు. ఎవరి కోసమని అడిగిందనుకున్నాను. "మా అమ్మాయికి."

"కొడుకా, కూతురా?"

అమ్మాయి అన్నాక మళ్లీ ఇదేం ప్రశ్న అనుకుంటూనే "కూతురే" అన్నాను.

"మాలచ్చిమి! ఎన్నాళ్లయింది?"

"వచ్చి రెండ్రోజులు."

"పురుడెల్లకుండానే సొరేటి బాబూ! ఆగి పెట్టండి."

అప్పటికి గానీ వెలగలేదు. నీలాడ్డమంటే పురుడు పోసుకోవడం. సొర అంటే షార్కు. పాలు పడతాయని బాలింతలకి పిట్టు చేసి పెట్టేది అదే. మా పిల్లకి పెళ్లే కాలేదు! పక్కన రొయ్యలు బేరమాడుతున్న మా వీధావిడ బేరం ఆపేసి నన్నే చూస్తోంది. "శాండ్‌విచ్ కోసమండి" అన్నాను ఆవిడతో. యాభై ఆరేళ్లలో అంత తెలివితక్కువ మాట ఇంకోటి అనలేదు. నేను ఇల్లు చేరేలోపే మా ఆవిడకి ఫోనొచ్చేసింది.

ఆ అప్ప మాత్రం నవ్వు ఆపుకుని, ఐసు కింద నుంచి తీసి మంచి సూర కోసిచ్చింది. ఐసులో లేని సూర ఊరికే ఇచ్చినా వద్దు. ఎండలో ఉంటే దాంట్లో హిస్టమిన్ చేరుతుంది, ఎంత ఉడికించినా పోదు. తింటే మొహం ఎర్రబడి దురదలు, తలనొప్పి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అప్పుడు అడిగితే పనీరుతో సరిపెట్టండి.

వంటకేముంది! పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, ముళ్లూ, నడుమ ఉండే నల్ల కండా తీసి చిదిమాను. ఆ నల్ల కండ ఉంచితే నీచు కొడుతుంది. వడకట్టిన పెరుగు, మిరియాల పొడి, ఉల్లి తరుగు, నిమ్మరసం కలిపాను. మయొనైజు నాకు గిట్టదు. చేపకి అటూ ఇటూ చీజ్ పెట్టి, బ్రెడ్డుకి బయట వెన్న రాసి, అట్ల పెనం మీద సన్న సెగన కాల్చాను. పైన బరువుకి నీళ్ల గిన్నె. మొదటిదాంట్లో కీరా, టమాటా ముందే పెట్టేస్తే నీరూరి బ్రెడ్డు ముద్దయింది. రెండోదాన్నుంచి కాల్చాక విప్పి, గింజలు తీసిన టమాటా, కీరా చక్రాలు అప్పుడు దూర్చాను. చీజ్ తీగలు సాగుతుంటే మధ్యలో కీరా చల్లగా తగిలింది. మా అమ్మాయి మూడు తింది, మాట్లాడకుండా.

సాయంత్రం ఆ వీధావిడ "ఊరికే చూసిపోదామని" వచ్చింది. గదులన్నీ తొంగి చూసింది. ఉయ్యాల లేదు. మా అమ్మాయే ఒక శాండ్‌విచ్ వేడి చేసి ఇచ్చింది. సగం తిని, ఉప్పు చాల్లేదని చెప్పి వెళ్లిపోయింది.