మిగిలిన సగం ట్యూబు

"ఇక్కడ ఇలాంటి పొదుపులు వద్దు" అని ఈ విదేశీ ల్యాబులో మా మేనేజర్ అందరి ముందూ అనేసింది. నేను అడిగింది ఒక్కటే: లెంటివైరస్ (కణాల్లోకి జీన్‌ని చేరవేయడానికి వాడే వైరస్) ట్యూబు కరిగించి వాడాక ఇంకా సగం ఉంది, మళ్ళీ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టొచ్చా అని. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి బ్లీచ్‌లో పోసేసింది.

అడగడం కూడా తప్పేనా? మన దగ్గర ల్యాబుల్లో పనిచేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. విదేశాల నుంచి రావాల్సిన రీఏజెంట్ (ప్రయోగానికి వాడే పదార్థం) కోసం ఎదురుచూపులు, పార్సిల్ కస్టమ్స్‌లో ఆగితే డ్రై ఐస్ అయిపోతుందేమోనని టెన్షన్. అలా చేతికొచ్చినదాన్ని పారబోయడానికి చెయ్యి రాదు. అది పిసినారితనం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఆవిడ చెప్పిన కారణం నిజమే. లెంటివైరస్ చుట్టూ ఉండేది పల్చటి కొవ్వు పొర. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ కొన్ని పార్టికల్స్ పాడైపోతాయి. మా ప్రయోగానికి అది పెద్ద చిక్కే. మేము పని చేస్తున్న ప్రొటీన్‌ని గుర్తుపట్టే మంచి యాంటీబాడీ లేదు. అందుకే ఆ ప్రొటీన్ జీన్ చివర ఫ్లాగ్ ట్యాగ్ అనే చిన్న గుర్తు తగిలించాం. 8 అమైనో ఆమ్లాలే, కానీ ఫ్లాగ్ యాంటీబాడీతో ప్రొటీన్ ఎక్కడుందో చూడొచ్చు. పక్కనే కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడ్డానికి, మా జీన్ లేని ఖాళీ వెక్టర్‌తో చేసిన వైరస్. రెంటికీ వైరస్ మోతాదు ఒకటే ఉండాలి. ఎమ్ఓఐ (ఒక్కో కణానికి సగటున ఎన్ని వైరస్ పార్టికల్స్ అన్న లెక్క) 0.3 పెడితే 100 కణాల్లో సుమారు 26కి వైరస్ అందుతుంది, వాటిలో 22కి ఒక్కొక్క పార్టికలే వెళ్తుంది. కరిగించి మళ్ళీ గడ్డకట్టించిన ట్యూబు వాడితే ఆ 0.3 ఎంతకి పడిపోయిందో తెలీదు. వైరస్ అందని కణాల్ని చంపే ప్యూరోమైసిన్ మందు వేశాక కణాలు ఎక్కువ చచ్చిపోతే, అది జీన్ ప్రభావమా, వైరస్ బలం తగ్గడమా? ఏం చెప్తాం?

కాబట్టి ఆ సగం పోవాల్సిందే. నా బాధల్లా అంతంత పెద్ద ట్యూబుల్లో ఎందుకు నింపాలన్నదే. వైరస్ మేమే 293టీ అనే మానవ కణాల్లో తయారుచేసుకుంటాం. ప్లాస్మిడ్లు (వైరస్ తయారీకి కావాల్సిన జీన్లున్న డీఎన్ఏ) వేశాక 48, 72 గంటలకి మీడియం తీసి, 0.45 మైక్రాన్ ఫిల్టర్ పట్టి ఫ్రీజ్ చేస్తాం. ఆ మొదటిసారి ఫ్రీజ్ చేసేముందే ఒక్కో ప్రయోగానికి సరిపడా పంచేస్తే చుక్క వృథా కాదు, మోతాదూ మారదు. మన ల్యాబుల్లో యాంటీబాడీ వచ్చినా, ఎంజైమ్ వచ్చినా అందరం ముందు చేసే పని ఇదే కదా! ఇక్కడ ఎవరికీ ఆ అవసరం పడలేదు, అయిపోతే వెంటనే ఇంకోటి వచ్చేస్తుంది. ఆ సౌకర్యం చూసి ఎన్నిసార్లు అసూయపడ్డానో.

ల్యాబ్ మీటింగులో ఇదంతా చెప్పాను. వచ్చే బ్యాచ్ 50 మైక్రోలీటర్ల చొప్పున పంచుతానని, లేబుళ్ళు కూడా నేనే రాస్తానని అన్నాను. ఆవిడ సరే అంది. ఫ్రీజర్ రాక్‌లో అన్ని ట్యూబులకి చోటెక్కడన్నది మాత్రం ఇంకా తేలలేదు.