లాగిన్ తెర పోయిన రోజు

మా ఆఖరి ఏడాది ప్రాజెక్టు అంతా ల్యాబ్‌లో డెబియన్ అనే లినక్స్ నడిచే ఒకే మెషీన్‌లో ఉండేది. మొదట దానిలో కేడీఈ అనే డెస్క్‌టాప్ ఉండేది. మెషీన్ నెమ్మదిస్తోందని తర్వాత ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ కూడా వేసుకున్నాం. డిస్క్ నిండిపోతుంటే మా వాళ్లలో ఒకరు కేడీఈని తీసేసి, వెంటనే, ఇక అవసరం లేని సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను తీసేసే ఆప్ట్ ఆటోరిమూవ్ కమాండ్ కూడా కొట్టారు. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో లాగిన్ అని మాత్రమే వచ్చింది. సబ్మిషన్ దగ్గర పడింది, అందరికీ ఒకటే టెన్షన్. మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని ఎవరో పెన్‌డ్రైవ్ కూడా తీశారు.

అప్పుడే మా సార్ వచ్చి, “ఆగండ్రా, అసలేం పోయిందో చూద్దాం” అన్నారు. ఆ నల్ల తెర మీదే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టించారు. హోమ్ ఫోల్డర్‌లో ఫైళ్లన్నీ ఉన్నాయి. తర్వాత ‘స్టార్ట్ఎక్స్‌ఎఫ్‌సీఈ4’ అని టైప్ చేయమన్నారు. డెస్క్‌టాప్ మొత్తం వచ్చేసింది! “ఇల్లు ఎక్కడికీ పోలేదు, గుమ్మం తలుపు ఊడింది, అంతే” అన్నారు.

పాస్‌వర్డ్ అడిగే ఆ తెర డెస్క్‌టాప్‌లో భాగమనే అప్పటిదాకా అనుకున్నాం. అది డిస్‌ప్లే మేనేజర్ అనే వేరే ప్రోగ్రామ్. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌తో సాధారణంగా జీడీఎం వస్తుంది, కేడీఈతో ఎస్‌డీడీఎం. మా మెషీన్‌లో ఉన్నది ఎస్‌డీడీఎం ఒక్కటే. కేడీఈ కోసం వచ్చిన ప్యాకేజీ కాబట్టి, కేడీఈ పోగానే ఇక దీనితో పనిలేదని ఆటోరిమూవ్ దాన్నీ తుడిచేసింది. ఎక్స్‌ఎఫ్‌సీఈని ఎవరూ ముట్టుకోలేదు, కానీ బూట్ అయ్యాక దాన్ని పిలిచేవాళ్లు లేరు.

ఇదంతా సార్ నోటితో చెప్పి ఊరుకోలేదు. ఆప్ట్ తను చేసిన పనులన్నీ రాసిపెట్టే హిస్టరీ లాగ్ తెరిచి మాచేత చదివించారు. ఏ కమాండ్ ఎప్పుడు కొట్టారో, ఏయే ప్యాకేజీలు పోయాయో అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. ఎస్‌డీడీఎం పేరు ఆ పెద్ద జాబితా మధ్యలో దొరికింది. ఆ కమాండ్ ఎవరి అకౌంట్ నుంచి వచ్చిందో చెప్పే ‘రిక్వెస్టెడ్ బై’ వరుస దగ్గర మాత్రం ఆయన ఆగలేదు. “అది మనకు అక్కర్లేదు” అని పేజీ కిందికి జరిపేశారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

లైట్‌డీఎం అనే మరో డిస్‌ప్లే మేనేజర్‌ను ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర వచ్చింది. ఏదైనా తీసే ముందు కమాండ్‌కు హైఫన్ ఎస్ తగిలిస్తే, ఏమీ తీయకుండానే ఏమేం పోతాయో చూపిస్తుందని కూడా ఆ రోజే నేర్పారు.

సార్, ఇప్పుడు నా టీమ్‌లో పిల్లలకు ఇలాంటిది జరిగితే ముందు ఆ లాగే తెరిపిస్తాను. ఆ ఒక్క వరుసను నేనూ చదివించను.